పద్నాలుగో డబ్బా

ఫోను మళ్ళీ మోగింది. పొద్దున్నుంచి ఇది ముప్పయ్యోసారో నలభయ్యోసారో. లెక్కపెట్టడం కోడలు ఎప్పుడో మానేసింది.

"నమస్కారమండీ. మీ కాల్ మాకు ఎంతో విలువైనది. చెప్పండి," అంది అలవాటుగా. రోజంతా జనం ఫిర్యాదులు వినడమే ఆమె ఉద్యోగం. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నా ఆ మాట మాత్రం నోటిని వదలలేదు.

"ఆనందం పెట్టెలు రెండు కావాలమ్మా. ఒకటి మాకు, ఒకటి మా వియ్యపురాలికి."

"అది సినిమాలో పెట్టెండీ. మా మామగారు నలభై ఏళ్ళ కింద తీసిన హాస్య చిత్రం. అలాంటి పెట్టె లేదు. ఎప్పుడూ లేదు."

అవతల మనిషి కాసేపు ఆలోచించాడు. "అంటే స్టాకు అయిపోయిందా?"

"కాదండీ, అసలు..."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది? నా పేరు రాసుకోండి. వియ్యపురాలికి మాత్రం చిన్న సైజు చాలు."

కోడలు ఫోను పెట్టేసి మొగుడి వైపు చూసింది. ఆ చూపు పడితే గోడ మీద క్యాలెండరయినా బదులు చెప్పేదే. ఆ మహానుభావుడు మాత్రం సెల్‌ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"మీరు చేసిన ఘనకార్యానికి గొంతు పోతున్నది నాది," అంది.

"ఘనకార్యం కాక మరేంటి? నాలుగు రోజుల్లో ఎంతమంది చూశారో తెలుసా? మా ఆఫీసులో ఇరవై మంది కూర్చుని ఆరు నెలలు ప్రకటనలు రాసినా ఇంతమంది చూడరు."

"కింద ఒక్క ముక్క రాయొచ్చుగా, ఇది ఎగతాళి అని!"

"రాస్తే ఎవరు చూస్తారే?"

"ఇప్పుడు చూసినవాళ్ళంతా కొంటామంటున్నారు!"

విషయం అంతే. ఆదివారం పాత హాల్లో నాన్న సినిమా వేస్తున్నారు కదా, నలుగురికీ తెలుస్తుందని కొడుకు అయిదో రీలులోని నిమిషం ముక్కను ఫోనుల్లోకి వదిలాడు. ఆ ముక్కలో ఒకడు నిగనిగలాడే పెట్టెను పసిపాపలా ఎత్తుకుని చెప్తాడు: "ఆనందం పెట్టె! ఇంట్లో ఉంటే చాలు. మూత మాత్రం తీయకండి. తీస్తే ఆనందం ఆవిరైపోతుంది." కింద ఫోను నంబరు.

ఆ నంబరు ఈ ఇంటిదే. కల్పించిన నంబరు వేస్తే ఏ పాపం ఎరగని ఇంట్లో ఫోను మోగుతుందోనని అప్పట్లో పెద్దాయన సొంత ఇంటి నంబరే వేయించాడు. అంత జాగ్రత్త మనిషి. నలభై ఏళ్ళూ ఒక్కడూ ఫోను చేయలేదు. మధ్యలో నంబరుకు ముందు ఒక అంకె చేరింది కూడా. కొనాలనుకున్నవాడికి అదొక అడ్డా? కనిపెట్టేశారు.

కిటికీ పక్క కుర్చీలో పెద్దాయన పెన్సిలు చెక్కుకుంటున్నాడు. రాయడం మానేసి ఏళ్ళయినా రోజూ ఒకటి చెక్కుతాడు.

"ఏరా, ఎంతమంది నవ్వారు?" అన్నాడు.

"లక్షల్లో చూశారు నాన్నా."

"చూసింది కాదు. నవ్వారా అని."

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "బాగుందన్నారు. ఎక్కడ దొరుకుతుందని అడిగారు."

"నవ్వలేదన్నమాట," అని పెద్దాయన పెన్సిలు మొన చూసుకున్నాడు.

ఆ సినిమా పేరు 'మూత తీయకండి'. అందులో ఇంటికొచ్చిన చుట్టం గుమ్మం దాటగానే ఇంటాయన అతనికి మార్కులు వేసి వీధి అరుగు మీద రాసిపెడతాడు. కంచంలో వడ్డించింది చల్లారిపోయేదాకా దానికి ఫొటోలు తీయించే ప్లీడరొకడున్నాడు. వార్తలు చదివే మనిషి వరదలో మునిగిన వీధుల సంగతి చెప్తూ చెప్తూ మధ్యలో గొడుగులమ్ముతాడు. "ఇలాంటి మనుషులు ఎక్కడుంటారయ్యా బాబూ!" అని నిర్మాత అప్పట్లో నెత్తి కొట్టుకున్నాడు. ఎక్కడ లేరో చెప్పమంటే ఇప్పుడు కష్టం.

బల్ల మీద ఒప్పందం కాగితం ఉంది. ఎగిరిపోకుండా దాని మీద పెద్దాయన కళ్ళజోడు పెట్టాడు. నాలుగింటికి, ఆ ముక్క చూసి బేరానికొచ్చిన కంపెనీ మనిషి వస్తాడు. ఆ పెట్టెను నిజంగానే తయారుచేసి అమ్ముతారట. సినిమాను తమ హాళ్ళన్నిటిలో, ఊరూరా వేస్తారట. ప్రతి పెట్టె మూత మీదా పెద్దాయన పేరు ఉంటుందట. కొడుక్కి అక్కడే పెద్ద ఉద్యోగం కూడా.

బదులుగా కోరింది ఒక్కటే. ఆఖరి రీలు, అంటే పద్నాలుగోది, ఇక ఎక్కడా వేయకూడదు. దాని డబ్బా వాళ్ళకు అప్పగించాలి. ఆదివారం కూడా పదమూడు రీళ్ళే.

"ఆ రీలులోనే కదా మామయ్యగారూ మూత తీసేది?" అంది కోడలు. "అది తీసేస్తే ఇది పెట్టెను వెక్కిరించిన సినిమా ఎలా అవుతుంది? పెట్టెలమ్ముకునే సినిమా అవుతుంది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు కొడుకు. "తీసినాయనే సరే అంటుంటే!"

"నేను అడిగింది కందని. కత్తిపీట ఆగొచ్చు."

పెద్దాయన నవ్వాడు. కోడలి నోరంటే ఆయనకు మొదటినుంచీ ఇష్టం. నవ్వు ఆగాక ఎడమచేతి గడియారం వైపు చూసుకున్నాడు. రోజూ పొద్దున్నే కీ ఇచ్చే పాత గడియారం అది.

"అమ్మాయ్, నీకు తెలీదు. నేను తీసిన ఏ సినిమా కూడా జనంతో కూర్చుని చూడలేదు. హాలుకు ఎదురుగా గొడుగులు బాగుచేసే కొట్టుండేది. దాని పంచన నిలబడేవాణ్ణి. గోడ దాటి మాటలు రావు. నవ్వొక్కటే వస్తుంది. ఎన్నో నిమిషానికి నవ్వాలో కాగితం మీద రాసుకుని, ఈ గడియారం చూసుకుంటూ వినేవాణ్ణి."

"ఈ సినిమా ఆడిన మొదటి రోజు?"

"ఆ రోజు పదమూడు రీళ్ళు రాసుకున్నది రాసుకున్నట్టే నవ్వారు. గొడుగులాయన కూడా పని ఆపేసి విన్నాడు. పద్నాలుగోది తొమ్మిది నిమిషాలు. ఆ రీలంతా మా అమ్మే."

కోడలికి ఆ సంగతి తెలియదు. "నానమ్మగారు నటించారా?"

"ముసలి వేషానికి రంగు లేకుండా ఏ నటి ఒప్పుకుంటుంది? మా అమ్మను నిలబెట్టాను. ఇంటిల్లిపాదీ దండం పెట్టుకునే పెట్టెను ఆవిడ బొత్తాలు దాచుకుందామని తీసుకుంటుంది. మూత తీస్తుంది. లోపల ఏమీ ఉండదు. 'హమ్మయ్య, ఖాళీగానే ఉంది' అని బొత్తాలు పోసుకుంటుంది. అక్కడ హాలు కప్పు ఎగిరిపోవాలి."

పెన్సిలు బల్ల మీద పెట్టాడు.

"చీమ చిటుక్కుమనలేదమ్మా. తొమ్మిది నిమిషాలూ చప్పుడు లేదు. తర్వాత తలుపులు తీశారు. జనం మాట్లాడుకోకుండా బయటికొచ్చారు. ఇంటికొచ్చేసరికి మా అమ్మ మంచంలో ఉంది. 'నన్ను చూసి నవ్వార్రా?' అని అడిగింది. నవ్వారని అబద్ధం చెప్పాను. నాలుగు రోజులకు పోయింది."

మోగబోయిన ఫోను కూడా ఒకసారి టింగుమని ఊరుకుంది.

"జనం తీర్పు అప్పుడే ఇచ్చేశారు," అన్నాడు పెద్దాయన మామూలు గొంతుతో. "వాళ్ళు పారేసినదాన్ని ఇంకొకడు పట్టుకెళ్తానంటే నాదేం పోయింది? మిగతా పదమూడూ ఊరూరా ఆడతాయి. ఈ వయసులో అది చాలు."

గది ఆ మూల కుట్టుమిషను దగ్గర అమ్మ, అంటే పెద్దాయన భార్య, కూర్చుని ఉంది. కొడుకు చొక్కా కాలరు విప్పుతోంది. ఒక్కో కుట్టూ తెంపుతున్న కత్తెర ఆగి చాలాసేపయింది.

ఆవిడను సినిమా వాళ్ళంతా కత్తెరమ్మ అనేవాళ్ళు. ఫిల్ము కోసి అతకడంలో ఆవిడను మించిన చెయ్యి ఆ రోజుల్లో లేదు. 'మూత తీయకండి'లో ప్రతి ముక్కా ఆవిడ అతికినదే. తీసింది ఆయన, నిలబెట్టింది ఆవిడ అని గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. అలాంటి మనిషి ఈ మూడు రోజులుగా దొంగకు తేలు కుట్టినట్టు ఉండటం ఎవరూ గమనించలేదు. ఒక్క కోడలు తప్ప.

"ఏం కత్తెరా, నువ్వేమంటావు?" అన్నాడు పెద్దాయన.

"మీ ఇష్టమండీ," అంది ఆవిడ కాలరు చూస్తూ.

నలభై ఏళ్ళుగా వంకాయ కొనాలన్నా రెండు మాటలు చెప్పే మనిషి 'మీ ఇష్టం' అంటే పెద్దాయనకు అనుమానం రావాలి. రాలేదు. మగవాళ్ళు కోరుకున్న జవాబు దొరికితే రెండోసారి అడగరు.

కొడుకు అటక మీదినుంచి డబ్బాలు దించాడు. గుండ్రటి రేకు డబ్బాలు, మూతల మీద సున్నంతో వేసిన అంకెలు. ఒకటి తెరవగానే గదంతా పుల్లటి వాసన కొట్టింది. పాత ఫిల్ము పాడవడం మొదలైతే వచ్చే వాసన అది.

"పదకొండు, పన్నెండు, పదమూడు. అమ్మా, పద్నాలుగోది లేదే!"

"ఉంటుంది."

"అటక మీద ఇంకేం లేదు."

"ఉంటుందన్నానుగా. నేను చూస్తాలే," అని ఆవిడ లేచి వెనక వసారాలోకి వెళ్ళింది. వెతకడానికి వెళ్ళే మనిషి నడక కాదది. కోడలు ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టి, వెంట నడిచింది.

వసారాలో అమ్మ తీగ మీద బట్టలు తీసి మడతపెడుతోంది. అవి ఇంకా ఆరలేదు.

"అత్తయ్యా, మా ఆఫీసులో కేకలేసేవాళ్ళను చూసి మేం భయపడం. లైను మీద ఉండి మాట్లాడకుండా ఊపిరి పీల్చేవాళ్ళుంటారు చూడండి, అసలు ఫిర్యాదు వాళ్ళ దగ్గరే ఉంటుంది."

"నాకేం ఫిర్యాదులు లేవే."

"ఊపిరి వినిపిస్తోంది."

ఆవిడ చేతిలోని తడి తువ్వాలును మళ్ళీ తీగ మీద వేసింది. చివరికి, "మిషను కింది సొరుగులో బొత్తాల డబ్బా ఉంది. మీ మామయ్యకు కనపడకుండా పట్టుకురా," అంది.

కోడలు తెచ్చింది. ఈ ఇంట్లో కాపురానికొచ్చిన తొలినాళ్ళనుంచీ ఆ డబ్బాలోనే బొత్తాలు వెతుక్కుంటోంది. గుండ్రటి రేకు డబ్బా, మూత మీద 'బొత్తాలు' అని కాగితం అంటించి ఉంటుంది. ఎంతసేపూ పైన బొత్తాలున్న పళ్ళెమే చూసింది గానీ దాని కింద ఏముందో ఎన్నడూ చూడలేదు. అత్తగారు పళ్ళెం ఎత్తింది. మెత్తటి పాత గుడ్డలో చుట్టిన ఫిల్ము. కోడలు వంగి వాసన చూసింది. పులుపు లేదు.

"ఏటా ఒకరోజు మీ మామయ్యను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించి, దీన్ని విప్పి, గాలి తగలనిచ్చి మళ్ళీ చుట్టిపెడతాను," అంది ఆవిడ. "మిగతావి చెడిపోతున్నాయి. ఇది చెడదు. చెడనివ్వను."

"ఇంత జాగ్రత్త దీనికొక్కదానికే ఎందుకు?"

"ఇది ఒక్కసారి కూడా తెర మీద పడలేదు కాబట్టి."

కోడలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మరి మామయ్యగారు విన్నది?"

"హాలు యజమాని పట్టుబట్టాడు. ఆయన హాలు చుట్టూ ఉన్నవన్నీ ఆయన కొట్లే. కొన్నది ఖాళీ పెట్టె అని జనం చూస్తే తన బేరాలు పోతాయని, ఈ రీలు ఉంటే సినిమా వేయనన్నాడు. ఇంకో హాలు దొరికేది కాదు. మీ మామయ్యకు చెప్తే ప్రింటునైనా తగలబెట్టేవారు గానీ ఒప్పుకునేవారు కాదు. పదమూడైనా జనం చూస్తారు గదా, వారం ఆడాక దీన్ని మళ్ళీ అతికేద్దాం అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. అత్తగారు మంచంలో ఉన్నారు. ఎలా చెప్పమంటావు? ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని, నలభై ఏళ్ళు."

"ఇప్పుడు చెప్పండి."

"చెప్తే?"

"చెప్పకపోతే సంతకం పెట్టేస్తారు అత్తయ్యా!"

"పెడితే డబ్బా వాళ్ళు పట్టుకెళ్తారు. నా తప్పు కూడా దాంతోపాటే ఈ ఇల్లు దాటిపోతుంది. ఆయన పేరు ఊరూరా మోగుతుంది. ఆ ఆలోచన నాకు రాలేదనుకున్నావా?" ఆవిడ కళ్ళు కోడలి మీదినుంచి కదల్లేదు. "మూడు రోజులనుంచి అదే ఆలోచన. నాకు సిగ్గుగా ఉంది. అయినా పోవడం లేదు."

వీధిలో కారు ఆగిన చప్పుడయింది.

కంపెనీ మనిషి మంచివాడు. అదే చిక్కు. చెప్పులు బయట విడిచి, కూర్చోమనేదాకా నిలబడి, టీ కప్పు రెండు చేతులతో అందుకున్నాడు. సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. సినిమాలో ఉన్నదే, కాకపోతే ఇంకా నిగనిగలాడుతోంది.

"మొదటిది మీకే సార్. మీరు నలభై ఏళ్ళు ముందు పుట్టారు."

"మా అమ్మ అలా అనుకోలేదు," అన్నాడు పెద్దాయన. పెట్టెను తిప్పి చూశాడు. మూత మీద బంగారు అక్షరాలు: మూత తీయకండి. తను రాసిన వాక్యమే. "లోపల ఏముంది?"

"అనుభవం సార్."

"అంటే?"

"అంటే... కొనుక్కున్నామన్న అనుభూతి."

"ఖాళీ."

"ఖాళీ అని మేం అనం సార్."

పెద్దాయనకు నవ్వు ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఈ మాట నాకు అప్పుడు తట్టలేదయ్యా! తట్టి ఉంటే అయిదో రీలులో పెట్టేవాణ్ణి."

కొడుకు హాయిగా ఊపిరి పీల్చుకుని కలం మూత తీసి తండ్రికి అందించాడు. కంపెనీ మనిషి కాగితం సరిచేశాడు.

"ఆఖరి రీలు డబ్బా సిద్ధంగా ఉందా సార్? స్క్రిప్టు చదివి మావాళ్ళు దాని గురించే కాస్త కంగారు పడ్డారు."

"కంగారు దేనికి? దాన్ని చూసి ఎవరూ నవ్వలేదని చెప్పండి మీవాళ్ళకి," అని పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, సంతకం చేసే చోటు కోసం వేలితో వెతికాడు.

"ఎవరూ చూడలేదు."

అమ్మ గొంతు. వసారా గుమ్మంలో బొత్తాల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ఏంటి కత్తెరా?"

"ఎవరూ నవ్వలేదు నిజమే. ఎవరూ చూడలేదు కాబట్టి. ఆ రీలు హాలుకు వెళ్ళలేదు. నేనే ఆపేశాను. ఇదిగో." డబ్బా తెచ్చి ఒప్పందం కాగితం మీదే పెట్టింది. లోపల బొత్తాలు గలగలమన్నాయి.

కొడుకు ఏదో అనబోయాడు. కోడలు అతని భుజం మీద చెయ్యి వేసింది.

పెద్దాయన డబ్బా వైపు చూడలేదు. "తొమ్మిది నిమిషాలు," అన్నాడు మెల్లగా. "నేను గడియారం చూసుకున్నాను. పదమూడో రీలు అయ్యాక తొమ్మిది నిమిషాలకు తలుపులు తీశారు. ఆ తొమ్మిది నిమిషాలూ తెర మీద ఏముంది?"

ఆవిడ చెప్పదలుచుకోనిది ఇదొక్కటే. ఆయన అడిగింది కూడా ఇదొక్కటే.

"ప్రకటనలు," అంది. "సబ్బు, పళ్ళపొడి, సైకిళ్ళు. హాలు యజమాని ఇచ్చాడు. ఆరు నిమిషాలే ఉన్నాయి. మీరు ఎదురుగా గడియారం పట్టుకుని నిలబడతారని నాకు తెలుసు. తొమ్మిది అయ్యేలా సబ్బుదాన్ని రెండుసార్లు అతికాను."

కంపెనీ మనిషి లేవాలో కూర్చోవాలో తెలియక పెట్టె వైపు చూస్తున్నాడు. పెద్దాయన ముఖంలో ఏ రంగూ లేదు. గొడుగుల కొట్టు పంచన నిలబడ్డప్పుడు కూడా ఆయన ఇలాగే ఉండి ఉంటాడు.

"హాల్లో సినిమా వేసిన ఆపరేటరుకు తెలుసా?"

"తెలుసు."

"నలభై ఏళ్ళుగా నాతో చదరంగం ఆడుతున్నాడు, వెధవ!" అన్నాడు. తర్వాత గొంతు మారింది. "మా అమ్మతో అబద్ధం చెప్పానని ఇన్నేళ్ళూ బాధపడ్డాను. నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ తర్వాత ఇంకో సినిమా తీయలేదు. అదీ తెలుసు."

"తెలుసండీ."

"తెలిసి కూడా నా పక్కనే ఉండి రోజూ గడియారానికి కీ ఇమ్మని గుర్తుచేశావు."

ఆవిడ తల దించుకోలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. "క్షమించమని అడగను. సంతకం మాత్రం తెలిసి పెట్టండి. తెలియక పెట్టకండి. అందుకే చెప్పాను."

"సార్," అన్నాడు కంపెనీ మనిషి మర్యాదగా, "ఇది మీ ఇంటి విషయం. మా మాట మారదు. కానీ ఆదివారం ఆ రీలు తెర మీద పడితే ఈ కాగితం చెల్లదు. మీ సినిమా ఎక్కడా ఆడదు."

"నాన్నా, తొందరపడకండి," అన్నాడు కొడుకు. "ఊరూరా పదమూడు రీళ్ళా, ఒక్క హాల్లో ఒక్కసారి పద్నాలుగా? ఆలోచించండి. నలభై ఏళ్ళ తర్వాత ఎవరైనా నవ్వుతారని ఏముంది? వాళ్ళు ఆ పెట్టె నిజమని నమ్ముతున్నారు!"

"నమ్మినవాడే బాగా నవ్వుతాడురా. నమ్మనివాడికి అక్కడ నవ్వేముంది?"

పెద్దాయన కలానికి మూత పెట్టి కొడుక్కి తిరిగి ఇచ్చాడు. బొత్తాల డబ్బా కిందినుంచి కాగితం లాగి, నాలుగు మడతలు పెట్టి, నిగనిగలాడే పెట్టె మూత తీసి లోపల పెట్టి మూశాడు.

"చూశారా, ఆవిరేమీ రాలేదు," అని పెట్టెను కంపెనీ మనిషి చేతికిచ్చాడు. "ఆదివారం మీరూ రండి. మీవాళ్ళను కూడా తీసుకురండి. ముందు వరస మీకే."

కంపెనీ మనిషి నమస్కారం పెట్టి వెళ్ళాడు. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి, పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసుకున్నాడు. లోపల కాగితం కదిలింది.

కొడుకు కోపంగా పెరట్లోకి వెళ్ళిపోయాడు. కోడలు పక్కన పెట్టిన రిసీవరును దాని చోట పెట్టింది.

పెద్దాయన ఎడమచేతి గడియారం విప్పాడు. స్నానానికి తప్ప ఆయన దాన్ని విప్పడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. విప్పి భార్య ముందు, బొత్తాల డబ్బా మూత మీద పెట్టాడు.

"ఆదివారం నేను హాల్లో కూర్చుంటాను. మా అమ్మను చూడాలి," అన్నాడు. "బయట నువ్వు నిలబడు. గొడుగుల కొట్టు ఇప్పుడు లేదు. ఎండగా ఉంటుంది. అయినా నిలబడు. పద్నాలుగో రీలు మొదలయ్యాక తొమ్మిది నిమిషాలు. నవ్వు వస్తుందో రాదో నువ్వే విను."

ఆవిడ పెదవులు కదిలాయి. "రాకపోతే?"

ఫోను మోగింది. కోడలు చెయ్యి చాపింది గానీ ఆయనే ముందు అందుకున్నాడు.

"ఆనందం పెట్టె కోసమా అండీ? సరైన చోటికే చేశారు." ఆయన గొంతు పాతికేళ్ళ కుర్రాడిలా ఖంగుమంది. "ఆదివారం పాత హాలుకు రండి. ఇంటిల్లిపాదీ రండి. మూత తీస్తున్నాం."

అమ్మ గడియారం చేతిలోకి తీసుకుంది. పళ్ళెం పక్కన పెట్టి, గుడ్డ విప్పి, ఫిల్మును వెలుతురుకేసి పట్టుకుని మొదటి అతుకు మీద గోరు ఆనించింది. అది ఎండుటాకులా ఊడి వచ్చింది. రెండోదీ అంతే. ఏటా విప్పి చుట్టింది కానీ అతుకుల మీద గోరు పెట్టి చూడలేదు. అన్నీ మళ్ళీ అతకాలి. ఆదివారానికి రెండు రోజులుంది. ఆవిడ కత్తెర కోసం మిషను వైపు చూసింది.

కత్తెర పెద్దాయన చేతిలో ఉంది. ఫోనులో ఎవరికో హాలు దారి చెప్తూనే దాన్ని ఆవిడ వైపు చాచాడు. ముఖం మాత్రం అవతలికి తిప్పుకునే ఉన్నాడు.